ఏడో చుక్క

ఏప్రిల్ 9, బుధవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు రాళ్లకొత్తూరు మునిసిపాలిటీ నీటి ట్యాంకర్ ఊరి శ్మశానవాటిక గేటు ముందు ఆగింది. ఐదు వేల లీటర్ల నీళ్లు నేల మీదికి వదిలింది. బిందె పట్టుకుని వచ్చినవాళ్లు లేరు. డ్రైవర్ తిరుపాలు ట్యాంకర్‌కు ఫొటో తీశాడు. కాపలాదారు ఏసోబు చేత రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నాడు. రిజిస్టర్‌లో 'లబ్ధిదారుల సంతృప్తి' అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలని ఏసోబు అడిగాడు.

"బాగుందని రాయి," అన్నాడు తిరుపాలు.

"ఈడుండేవోళ్లు ఎవురూ ఏమన్లేదు గదన్నా."

"అన్లేదంటే బాగున్నట్టే."

ఏసోబు 'బాగుంది' అని రాశాడు.

ఆ సమయానికి అక్కడికి రెండున్నర కిలోమీటర్ల దూరాన, సున్నపుబట్టీల కాలనీలో, అరవై ఒక్క కుటుంబాలవాళ్లు ఖాళీ బిందెలు వరసలో పెట్టి కూర్చున్నారు. కాలనీ బోరు రెండేళ్ల కిందట ఎండింది. అప్పటినుంచి తిరుపాలే రోజు విడిచి రోజు ఉదయం ఏడున్నరకు ట్యాంకర్ తెచ్చేవాడు. ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి తేవడం లేదు. తిరుపాలు దారి మరిచిపోలేదు. కాలనీ పటంలో లేదు.

ఆ పటం పేరు జన పటం. మునిసిపాలిటీ వెబ్‌సైట్. ఊళ్లోవాళ్లు ఫోనులో పటం తెరిచి, తామున్న చోట ఒక చుక్క పెట్టాలి. చుక్క ఉన్న చోటికే ట్యాంకర్ వెళ్లాలి. ట్యాంకర్లు కావలసినవాళ్ల ఇళ్లకే పోతున్నాయన్న ఆరోపణకు ఇది జవాబని కౌన్సిల్ తీర్మానంలో ఉంది.

సైట్ తయారుచేసిన నగర కంపెనీ మార్చి చివరి వారంలో ఫోన్లు ఎత్తడం మానేసింది. అప్పటికి పని తొంభై ఆరు శాతం పూర్తయిందని మునిసిపల్ నివేదిక. సైట్ తెరవగానే నాదస్వరం వినిపిస్తుంది. కమిషనర్ సందేశం ఉంది. వెబ్‌సైట్‌కు చేసిన శంకుస్థాపన ఫొటోలు ఇరవై రెండు ఉన్నాయి. మిగిలిన నాలుగు శాతం, జనం చుక్క పెట్టే బొత్తాం. అది పనిచేయదు.

పటంలో తొమ్మిది చుక్కలు మాత్రం ఉన్నాయి. అవి జనం పెట్టినవి కావు. చుక్క ఎలా కనిపిస్తుందో చూపడానికి కంపెనీ ఉద్యోగి ఒకరు నమూనాకు పెట్టినవి. కమిషనర్ బంగళా, బస్టాండు, మూతపడిన పత్తి మిల్లు, సినిమా హాలు, పశువుల ఆస్పత్రి, సంత మైదానం, శ్మశానవాటిక, కొండ శిఖరం, టోల్‌గేటు. ఏప్రిల్ ఒకటి నుంచి ట్యాంకర్లు ఈ తొమ్మిది చోట్లకు వెళ్తున్నాయి. శిఖరానికి దారి లేదు కాబట్టి ఎనిమిదో చుక్క నీళ్లు కొండ కింద వదులుతున్నారు.

ఏప్రిల్ 14 సోమవారం సెలవు. అందువల్ల కాలనీవాళ్లు ఏప్రిల్ 21 సోమవారం ఫిర్యాదుల దినానికి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లారు. వాళ్ల తరపున మాట్లాడింది వల్లెపు సైదమ్మ. వయసు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్లు సున్నపుబట్టీలో రాయి మోసింది. రెండు మోకాళ్లకూ పట్టీలు ఉన్నాయి.

"అమ్మా, జన పటం జనానిది," అన్నారు కమిషనర్ భానుమూర్తి. "మేము నిమిత్తమాత్రులం. మీ చుక్క మీరే పెట్టుకోవడం పౌర భాగస్వామ్యం అనిపించుకుంటుంది. మేము పెడితే అది పక్షపాతం."

"పెడదామంటే బొత్తాం నొక్కుకోవట్లా సారూ."

"అది సాంకేతిక సమస్య. ఈ రోజు పౌర సమస్యల దినం. సాంకేతిక సమస్యలకు వేరే దినం ఉంటుంది."

"ఏ దినం సారూ?"

"ఇంకా ఖరారు కాలేదు."

కమిషనర్ బల్ల మీద కంప్యూటర్‌లో పటం తెరిచి ఉంది. సైదమ్మ దగ్గరికి వెళ్లి చూసింది. బట్టీల పొగగొట్టం నీడ కనిపించిన చోటు చూసుకుంది. నొసటి బొట్టుబిళ్ల తీసి తెర మీద అక్కడ అంటించింది.

"ఇదీ మా కాలనీ. ఇదిగో చుక్క. ఇంక నీళ్లంపండి."

కమిషనర్ మౌస్ కదిపారు. పటం జరిగింది. బొట్టుబిళ్ల జరగలేదు. ఇప్పుడది పొరుగు మండలం మీద ఉంది.

"చూశారా, మీరు మా పరిధిలోనే లేరు," అన్నారు కమిషనర్.

బయటికి వచ్చినప్పుడు తిరుపాలు గేటు దగ్గర బీడీ తాగుతున్నాడు.

"పెద్దమ్మా, నేను మీ కాడికి రాలేను. బండిలో ఫోను పెట్టారు. నేను యాడ ఆగిందీ యాడ మళ్లిందీ అంతా అదే చూసిద్ది. పోయినోరం మీ మలుపులో బండి స్లో చేసినందుకే మెమో ఇచ్చారు. మీరే నా కాడికి రండి. పదకొండుంబావుకి శ్మశానం కాడుంటా."

"బతికుండంగానే రమ్మంటివా తిరుపాలూ?"

"నీళ్లకే పెద్దమ్మా."

ఏప్రిల్ 23 నుంచి కాలనీవాళ్లు శ్మశానవాటికకు నడిచి వెళ్తున్నారు. రెండున్నర కిలోమీటర్లు మోయగలిగింది కుటుంబానికి రెండు బిందెలు. మిగతా నీళ్లు అంతకుముందులాగే నేల మీదికి పోతున్నాయి. ఏప్రిల్ నెల నివేదికలో కమిషనర్ ఇలా రాశారు: "ఏడవ చుక్క వద్ద ప్రజాదరణ అనూహ్యముగా పెరిగినది."

ఏప్రిల్ 25న కౌన్సిల్ సమావేశమై, మిగిలిన నాలుగు శాతం పనిని స్థానిక వెబ్ డెవలపర్‌కే ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. బయటివాళ్లను నమ్మి మోసపోయామని సభ్యులు అన్నారు. 28న ప్రకటన వెలువడింది. రాసింది సూపరింటెండెంట్ అచ్యుతం. షరతులు పద్నాలుగు. వాటిలో రెండింటిని ఇక్కడ ఇవ్వడం అవసరం.

"షరతు 4: దరఖాస్తుదారుడు స్థానికుడై ఉండవలెను. స్థానికుడు అనగా జన పటములో చుక్కగా నమోదైన ప్రదేశమున నివసించువాడు.

షరతు 11: ఒక నివాస ప్రాంతమునకు ఒకే చుక్క. ఇదివరకే నమోదైన ప్రాంతమునకు రెండవ చుక్క పెట్టబూనినచో సైట్ దానిని తిరస్కరించవలెను."

డెవలపర్‌కు వెబ్‌సైట్ చేయడం తెలిసి ఉండాలన్న షరతు చిత్తుప్రతిలో ఉంది. అది పోటీని పరిమితం చేస్తుందని తీసేశారు.

ఊళ్లో వెబ్‌సైట్లు చేసే మనిషి ఒకరే ఉన్నారు. వల్లెపు సుహాసిని. సైదమ్మ కూతురు. వయసు ఇరవై నాలుగు. కంప్యూటర్స్‌తో డిగ్రీ చేసింది. రెండు విత్తనాల దుకాణాలకు, ఒక కల్యాణ మండపానికి, పలకల ఫ్యాక్టరీకి సైట్లు చేసి ఇచ్చింది. ఉండేది సున్నపుబట్టీల కాలనీలో. ఏప్రిల్ 29న దరఖాస్తు పెట్టింది. మే 2న అచ్యుతం పిలిపించారు.

"అర్హతలు దివ్యంగా ఉన్నాయమ్మా. నివాసమే లోపం."

"పుట్టినకాణ్ణించీ ఈ ఊళ్లోనే ఉన్నా సార్. ఓటు కార్డుంది. ఇంటి పన్ను రసీదుంది."

"రసీదు మీరు పన్ను కట్టారనడానికి సాక్ష్యం. ఉన్నారనడానికి కాదు."

"ఇల్లు లేకుండా ఇంటి పన్ను ఎట్టా కట్టించుకున్నారు సార్?"

"అది రెవెన్యూ సెక్షన్. పక్క గది."

సుహాసిని రసీదు మడిచి పెట్టుకుంది. "బొత్తాం పనిచేస్తే మా కాలనీ పటంలోకి వచ్చిద్ది. కాలనీ పటంలోకి వస్తే నేను స్థానికం. నేను స్థానికమైతే బొత్తాం పనిచేయిస్తా. దీనికి మొదలు యాడుంది సార్?"

అచ్యుతం ప్రశ్నను కాగితం మీద రాసుకున్నారు. రెండుసార్లు చదువుకున్నారు.

"ఇన్‌వర్డ్ సెక్షన్‌లో," అన్నారు.

మే 5 సాయంత్రం ఐదు గంటలతో గడువు ముగుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి అర్హమైన దరఖాస్తు ఒక్కటీ లేదు. ఒక్కటీ రాకపోతే ఎందుకు రాలేదో జిల్లాకు వివరణ పంపాలి. అచ్యుతం పటం ముందు పెట్టుకుని తొమ్మిది చుక్కలనూ పరిశీలించారు. వాటిలో మనుషులు కాపురముండే చోట్లు రెండు. ఒకటి కమిషనర్ బంగళా. ప్రభుత్వోద్యోగులు దరఖాస్తుకు అనర్హులు. రెండోది శ్మశానవాటికలో కాపలాదారు గది. కాపలాదారుది దినకూలీ, ఉద్యోగం కాదు. నాలుగుంపావుకు అచ్యుతం జీపులో అక్కడికి చేరుకున్నారు.

"నాకు కంప్యూటర్ రాదయ్యా," అన్నాడు ఏసోబు.

"అది మేము అడగలేదు."

"నా ఫోనుగూడా బొత్తాల ఫోనే."

"నివాసం ఎక్కడ?"

"ఈ గదే. పద్దెనిమిదేళ్లాయె."

"అదీ," అన్నారు అచ్యుతం. స్టాంప్ ప్యాడ్ తెరిచారు.

స్థానికత కింద ఏసోబుకు నూటికి నూరు మార్కులు వచ్చాయి. మరో విభాగం లేదు. 'స్థానిక ప్రతిభకు పట్టం' అన్న శీర్షికతో మరునాడు ప్రెస్‌నోట్ విడుదలైంది. ఫొటోలో ఏసోబు ఒక మౌస్ పట్టుకుని ఉన్నాడు. మౌస్ మునిసిపాలిటీది. ఫొటో తీశాక దాన్ని తిరిగి తీసేసుకున్నారు.

మే 7న నీళ్ల వరసలో ఏసోబు సుహాసిని దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, ఇదేందో చూసిపెట్టు. నన్ను డెవలపర్ని చేశారంట."

"పత్రికలో చూశా బాబాయ్. పాత మౌస్ ఇచ్చారు నీకు."

"నవ్వమాక. పదిహేను రోజుల్లో ముగించకపోతే చర్య తీసుకుంటారంట. నేనేం ముగించేది? నాకు తెలిసిన ముగింపు ఒక్కటే, అది ఈ గేటు లోపల జరిగిద్ది."

సుహాసిని మర్నాడు లాప్‌టాప్ తెచ్చింది. దింపుడు కళ్లం దగ్గర, పాడె దించే సిమెంటు అరుగు మీద పెట్టుకుని సైట్ చూసింది. బొత్తాం పనిచేయించే కోడు ఎప్పుడో రాసి ఉంది. కంపెనీవాళ్లు అందులో ఒక్క వాక్యాన్ని ఆపిపెట్టి వెళ్లిపోయారు. దాన్ని కదపాలంటే పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ అచ్యుతం బీరువాలో సీలు వేసిన కవరులో ఉంది. స్థానిక డెవలపర్ స్వహస్తాలతో తప్ప టైపు చేయరాదని కవరు మీద రాసి ఉంది.

ఏసోబు ఆఫీసుకు వెళ్లి స్వహస్తాలతో టైపు చేశాడు. పదహారు అక్షరాలకు ఇరవై నిమిషాలు పట్టింది. మూడుసార్లు తప్పు పడింది. నాలుగోసారి అవకాశం లేకుండా సైట్ రెండు రోజులు మూసుకుపోయింది. అచ్యుతం సుహాసినికి కబురు పెట్టారు. అది మే 12, సోమవారం.

"మీరే స్థానికులైపోతే ఈ చిక్కు ఉండదమ్మా."

"అదేగా సార్ నేను మొత్తుకుంటంది."

"మీరు రోజు విడిచి రోజు తప్పకుండా ఎక్కడ కనిపిస్తారు?"

"నీళ్లకి శ్మశానం కాడ."

"పటంలో ఉన్న చోటు. కనిపిస్తున్నారంటే ఉన్నట్టే. నివాస మార్పిడి ప్రకటన ఇవ్వండి. ఇల్లు మారనక్కర్లేదు, కాగితం మీద నివాసం మారితే చాలు. అయితే ఫారంలో వ్యక్తికి గడి లేదు. నివాస ప్రాంతానికే ఉంది. కాలనీ మొత్తం ఇవ్వాలి."

సుహాసిని ప్రకటన కాగితాలు తిరగేసింది. "మరి తర్వాత పదకొండో షరతు అడ్డం రాదా సార్?"

"ముందు నాలుగు దాటండి. పదకొండు చాలా దూరం."

ఆ సాయంత్రం కాలనీవాళ్లంతా సైదమ్మ ఇంటి ముందు కూడారు. సుహాసిని విషయం చెప్పింది. సంతకాలు పెడితే అరవై ఒక్క కుటుంబాలూ శ్మశానవాటికలో ఉంటున్నట్టు రాసుకుంటారు. పెట్టకపోతే సైట్ ఎవరి చేతికీ రాదు.

"ఎట్టాగూ పోయేది ఆడికేగా," అంది సైదమ్మ. "అడ్రసు ముందే రాపిచ్చుకుంటే ఒక పని తీరిపోయిద్ది."

"ఊరుకోమ్మా. సైట్ నా చేతికొస్తే మన చుక్క మనింటి ముందే పెడతా. నువ్వింక అంత దూరం నడవబళ్లా."

"నడవకపోయేదానికే సంతకం. తే, యాడ పెట్టాలి?"

మే 15 గురువారం ముగ్గురు అధికారుల కమిటీ విచారణకు వచ్చింది. పదకొండున్నరకు శ్మశానవాటిక చేరింది. పన్నెండున్నరకు సున్నపుబట్టీల కాలనీకి వెళ్లింది. అప్పటికి కాలనీవాళ్లు బిందెలతో ఇంకా దారిలోనే ఉన్నారు. నివేదికలో రెండు పేరాలు ఉన్నాయి.

"ఒకటి. ఏడవ చుక్కను సందర్శించగా సదరు అరవై ఒక్క కుటుంబములవారు పాత్రలతో సహా కనిపించిరి. పాత్రలున్న చోట నివాసమున్నట్లు భావించడమైనది.

రెండు. పూర్వపు కాలనీని సందర్శించగా ఇండ్లకు తాళములు వేసియున్నవి. నివాసము లేనట్లు ధ్రువీకరించడమైనది."

మే 20న సుహాసినికి స్థానికత పత్రం, పని ఉత్తర్వు ఒకేసారి అందాయి. ఏసోబు తన ఉత్తర్వు తిరిగి ఇచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. సుహాసిని పాస్‌వర్డ్ టైపు చేసింది. ఆగి ఉన్న వాక్యాన్ని కదిపింది. ఇదంతా నలభై నిమిషాల పని. పద్నాలుగు షరతులను సైట్‌లో చేర్చడానికి మూడు రోజులు పట్టింది. పదమూడు చేర్చి ఆమె అచ్యుతం దగ్గరికి వెళ్లింది.

"పదకొండోది రెండు రోజులు ఆపుతా సార్. మా చుక్క మార్చుకున్నాక చేరుస్తా."

"పదమూడు షరతుల పని పదమూడు షరతుల పనే. అసంపూర్తి పనిని ప్రారంభించం. ఇదివరకు ఒకసారి చేసి చూశాం."

"అది చేరిస్తే మా కాలనీకి దారి మూసుకుపోయిద్ది సార్."

"మీ కాలనీకి పటంలో చోటుందమ్మా. చోటు లేనివాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల సంగతి ఆలోచించండి."

పని ఆగితే ఆ చోటు లేనివాళ్లెవరికీ చుక్క పెట్టుకునే బొత్తాం రాదు. మే 23న సుహాసిని పదకొండో షరతు చేర్చింది. పని నూరు శాతం పూర్తయినట్టు అచ్యుతం ధ్రువీకరించారు.

మే 28 బుధవారం మునిసిపల్ ఆఫీసు ఆవరణలో ప్రారంభోత్సవం జరిగింది. షామియానా కింద పెద్ద తెర కట్టారు. కమిషనర్ సుహాసినికి శాలువా కప్పారు. స్థానిక సమస్యకు స్థానిక పరిష్కారం దొరికిందని, పరిష్కారం శ్మశానవాటిక నుంచి రావడం ఊరికి గర్వకారణమని ప్రసంగించారు. తొలి చుక్క ఆమె చేతనే పెట్టించాలని ప్రకటించారు.

సుహాసిని పటంలో సున్నపుబట్టీల కాలనీ వెతికింది. సైదమ్మ ఇంటి ముందు చుక్క ఉంచింది. కాలనీ పేరు రాసింది. బొత్తాం నొక్కింది. బొత్తాం పనిచేసింది. తెర మీద ఈ మాటలు వచ్చాయి:

"సున్నపుబట్టీల కాలనీ ఇదివరకే పటములో ఉన్నది. చూడుడు: ఏడవ చుక్క."

సైట్ నుంచి నాదస్వరం వినిపించింది. వెనక వరసల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు.

"అద్భుతం," అన్నారు కమిషనర్. "మొట్టమొదటి తప్పునే పట్టేసింది."

సైదమ్మ రెండో వరసలో ఉంది. "ఏందంటందే అది?" అని కూతుర్ని అడిగింది.

"మనం శ్మశానంలో ఉన్నామంటంది."

"ఎవురు చెప్పారంట దానికి?"

"నేనే," అంది సుహాసిని.

మరునాడు సుహాసిని చుక్క మార్పు కోసం అర్జీ ఇచ్చింది. చుక్క మార్చాలంటే అదే చుక్కలో నివసించే మిగతావాళ్లు సమ్మతించాలని అచ్యుతం నిబంధన చూపించారు. ఏసోబు అప్పటికప్పుడు వచ్చి సమ్మతి రాసిచ్చాడు.

"ఒక్కరు చాలరు," అన్నారు అచ్యుతం. "శ్మశానవాటిక రిజిస్టర్ తెప్పించాను. ఏడవ చుక్కలో నాలుగు వేల నూట పన్నెండు పేర్లున్నాయి."

"వాళ్లు చచ్చిపోయినోళ్లు సార్."

"చనిపోయినట్టు రిజిస్టర్‌లో ఉంది. ఖాళీ చేసినట్టు లేదు."

జూన్ 2న శ్మశానవాటిక గేటుకు నోటీసు అంటించారు. ఏడవ చుక్క నివాసులు తమ సమ్మతిని గాని, అభ్యంతరమును గాని పదిహేను దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెనని అందులో ఉంది. ఒక ప్రతిని లోపల కూడా చదివి వినిపించాలని ఏసోబును ఆదేశించారు. ఏసోబు చదివాడు. చదివినట్టు సంతకం పెట్టాడు.

జూన్ 17న గడువు ముగిసింది. ఫైలులో అచ్యుతం ఇలా రాశారు: "అభ్యంతరములు రాలేదు. సమ్మతియు రాలేదు. గడువు పొడిగించడమైనది."

జూన్ 18, బుధవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ట్యాంకర్ శ్మశానవాటిక గేటు ముందు ఆగింది. వరసలో నూట ఇరవై రెండు బిందెలు ఉన్నాయి. మొదటి రెండు సైదమ్మ ఇంటివి. సైదమ్మ దింపుడు కళ్లం అరుగు మీద కూర్చుని మోకాళ్ల పట్టీలు బిగించుకుంటోంది. తిరుపాలు ఫొటో తీసి, రిజిస్టర్ ఏసోబు చేతికిచ్చాడు. 'లబ్ధిదారుల సంతృప్తి' గడిలో ఏసోబు 'బాగుంది' అని రాశాడు.